ఒకే కారు, రెండు ఫిర్యాదులు: బావతో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక యువకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇది.

ఆయనకు 23 ఏళ్ళు. బీటెక్ అయింది, ఉద్యోగం కోసం చూస్తున్నారు. అక్కను చిత్తూరులో ఇచ్చారు. బావ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరికీ కార్ రేసు గేములంటే ప్రాణం. ఈయనకు స్టీరింగ్, పెడల్స్ సెట్ కొనిచ్చింది కూడా బావే. రాత్రి పది దాటాక ఆయన చిత్తూరులో, ఈయన తిరుపతిలో కూర్చుని ‘అసెట్టో కోర్సా కాంపిటిజియోనే’ ఆడతారు. స్నేహితుల గుంపు ఒకటి బెల్జియంలోని స్పా ట్రాక్ మీద రెండు గంటల రేసు పెట్టింది. జట్టుకు ఒకే కారు, ఒకే సెట్టప్ (టైర్ల గాలి, కారు ఎత్తు, బ్రేకుల లాంటి అమరికలు). వీళ్ళు పోర్షే 911 జీటీ3 ఆర్ తీసుకున్నారు. మొదటి గంట ఈయన, రెండో గంట బావ.

రెండు నెలల ప్రాక్టీసులో రోజూ ఒకటే గొడవ. “మలుపులోకి దిగేటప్పుడు వెనక జారిపోతోంది” అని ఈయన అంటే, “జారేది ఏమీ లేదు, మలుపు మధ్యలో ముందు భాగమే తిరగడం లేదు” అని బావ. పైగా ఎనిమిది మంది వింటుండగా, “ఏమబ్బా, నడిపేది నేర్చుకోకుండా కారు మీద పెడతావా తప్పు?” అన్నారట. అది ఈయనకు గట్టిగా తగిలింది.

రేసు రోజు మధ్యాహ్నం బావ ఆఫీసులో ఉండగా ఈయన ఒక వీడియో చూసి సెట్టప్ మార్చేశారు. కారు వెనక భాగం ఎత్తు 6 మిల్లీమీటర్లు పెంచారు, వెనక వింగ్ (కారు వెనక అడ్డంగా ఉండే రెక్క) రెండు మెట్లు తగ్గించారు, టైర్లలో గాలి పెంచారు. బావకు చెప్పలేదు. తన గంట బాగానే గడిచింది, ఐదో స్థానంలో కారు అప్పగించారు. బావ మూడో ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ ఒక రౌండు ఒక ల్యాప్) ‘ఓ రూజ్’ అనే మలుపు నుంచి పైకి ఎక్కుతుండగా కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. రేసు అక్కడితో అయిపోయింది. “ఏం చేసినావు కారుని?” అని బావ అడిగితే, “నేనేమీ చేయలేదు, నడిపేది రాకపోతే కారేం చేస్తుంది” అని ఈయన అందరి ముందూ అనేశారు. మరునాడు బావ సెట్టప్ ఫైలు తెరిచి, మార్పులూ వాటి టైమూ చూసుకున్నారు. ఒక్క మాట అనలేదు. మూడు వారాలుగా ఫోన్ లేదు. గంగమ్మ జాతరకు అక్క ఒక్కతే వచ్చింది.

ఈయన అడుగుతున్నవి: బావకు ఎలాగూ తెలిసిపోయింది కదా, ఇంకా ఒప్పుకోవాలా? ఇన్ని రాత్రులు కూర్చున్నా సెట్టప్ ఎందుకు అర్థం కావడం లేదు, నాకు బుర్ర లేదా? వచ్చే నెల ఇదే ట్రాక్‌లో మళ్ళీ రేసు ఉంది, బావతోనే దిగాలా? స్టీరింగ్ సెట్ తిరిగి ఇచ్చేయాలా?

సమాధానం:

మీ ప్రశ్నల వరస కొంచెం మారుస్తాను. ముందు సెట్టప్ సంగతి మాట్లాడుకుందాం. ఆ కారుకు ఏం జరిగిందో తెలిస్తే, బావ దగ్గర ఏం ఒప్పుకోవాలో మీకే తెలుస్తుంది. నేను చిత్తూరు జిల్లాలోనే ఆటోమొబైల్ డిప్లొమా చదివాను, ఈ గేములు చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను. మీకు బుర్ర లేకపోవడం అనేది ఇందులో ఎక్కడా కనిపించలేదు.

మీ ఉత్తరంలో మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. మీరు దాన్ని మామూలుగా రాసి వదిలేశారు: “ఓ రూజ్ దగ్గర నాకు భయం, నేను ప్రతి ల్యాపూ యాక్సిలరేటర్ వదులుతాను, బావ మాత్రం వదలడు.” జరిగినదంతా ఈ వాక్యంలోనే ఉంది.

ఆ చోటు ఒకసారి కళ్ళ ముందుకు తెచ్చుకోండి. ల సోర్స్ అనే హెయిర్‌పిన్ (వెనక్కి మళ్ళే బిగువైన మలుపు) దాటాక రోడ్డు కిందికి దూకుతుంది. ఓ రూజ్ దగ్గర పల్లం అడుగుకు చేరి, అక్కడి నుంచి ఎడమకూ కుడికీ తిరుగుతూ రాడియోన్ అనే నిటారు ఎక్కుడు. పల్లంలో కారు నేలకు అదుముకుంటుంది, ఎక్కుడు చివర శిఖరం దాటేటప్పుడు తేలిపోతుంది. ఆ తేలే క్షణంలో వెనక చక్రాలను నేలకు పట్టి ఉంచేది ముఖ్యంగా గాలి ఒత్తిడే, అంటే కారు మీదుగా పోయే గాలి దాన్ని కిందికి నొక్కే బలం (టైర్లలోని గాలి కాదు). మీరు వింగ్ తగ్గించినప్పుడు ఆ ఒత్తిడి తగ్గింది. వెనక ఎత్తు పెంచినప్పుడు కారు ముక్కు కిందికి వంగి, మిగిలిన ఒత్తిడిలో ఎక్కువ వాటా ముందు చక్రాలకు పోయింది. రెండు మార్పులూ కలిసి వెనక భాగాన్నే బలహీనం చేశాయి. మీకేమో వెనక జారడమే సమస్య! దాన్ని తగ్గించాలని చేసినదే దాన్ని పెంచింది.

మరి మీ గంటలో ఎందుకు తెలియలేదు? గాలి ఒత్తిడి వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. మీరు అక్కడ యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిగా వెళ్ళారు కాబట్టి ఆ తేడా మీ దాకా రాలేదు. బావ ఎప్పటిలాగే పూర్తిగా నొక్కి వెళ్ళారు. నిన్నటిదాకా నిలిచిన కారు ఆ రోజు నిలవలేదు. ఆయన నడపడంలో తప్పేమీ లేదు. కారు మారిందని ఆయనకు తెలియదు, అంతే.

ఇక రెండు నెలల గొడవ. మీరిద్దరూ చెప్పినది నిజమే. 911లో ఇంజిన్ వెనక చక్రాలకు కూడా వెనకాల ఉంటుంది. ముందు భాగం తేలిక. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో బస్సులో దిగుతున్నప్పుడు మలుపుకు ముందు డ్రైవరు బ్రేకు నొక్కితే మనం ముందు సీటు కమ్మీ పట్టుకుంటాం కదా, ఒళ్ళోని లడ్డూ సంచి కూడా ముందుకే జారుతుంది. బరువంతా ముందు చక్రాల మీదికి వెళుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అదే సమయంలో స్టీరింగ్ తిప్పితే, తేలికైన వెనక భాగం పక్కకు పోవాలని చూస్తుంది. వెనకాల బరువైన ఇంజిన్ వేలాడుతున్న కారులో అది ఇంకా ఎక్కువ. మీకు జరిగేది ఇదే, దీన్నే ఓవర్‌స్టీర్ అంటారు. మీరు ఆలస్యంగా, గట్టిగా బ్రేకు వేసి, బ్రేకు మీద ఉండగానే తిప్పుతారని ఉత్తరంలోనే రాశారు.

బావ తీరు వేరు. ఆయన తొందరగా బ్రేకు వేసి, తొందరగా యాక్సిలరేటర్ మీదికి వస్తారు. యాక్సిలరేటర్ నొక్కగానే బరువు వెనక్కి పోతుంది. అసలే తేలికగా ఉన్న ముందు చక్రాల మీద బరువు ఇంకా తగ్గి, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంది. అది అండర్‌స్టీర్. అదే కారు, అదే మలుపు. మీరు మలుపు మొదట్లో ఉన్న కారు గురించి చెబుతున్నారు, ఆయన మలుపు మధ్యలో ఉన్న కారు గురించి. రెండు నెలలు ఇద్దరూ వేర్వేరు క్షణాల గురించి వాదించుకున్నారు. (ఘాట్ రోడ్డు ఉదాహరణ బరువు ఎటు పోతుందో తెలియడానికే. నిజం రోడ్డు మీద, అందులోనూ ఆ కొండ మీద ఇవేవీ ప్రయత్నించకండి.)

సెట్టప్ స్క్రీను తెరవగానే మీకు తల తిరుగుతోందని రాశారు. టైర్లు, ఎలక్ట్రానిక్స్, పెట్రోలు, మెకానికల్ గ్రిప్, డ్యాంపర్లు, ఏరో, ఇన్ని పేజీలు. నాకూ మొదటి ఏడాది అలాగే ఉండేది. అయితే ప్రతి పేజీనీ బట్టీ పట్టాల్సిన పని లేదు. జారిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మలుపులో ఎక్కడ జారింది: బ్రేకు మీద ఉన్నప్పుడా, మధ్యలోనా, బయటికి వచ్చేటప్పుడా? అది నెమ్మది మలుపా, వేగం మలుపా?

ల సోర్స్‌లాంటి నెమ్మది మలుపులో జారితే వింగ్‌ని ముట్టుకోవడం దండగ, ఆ వేగంలో దాని పని చాలా తక్కువ. అక్కడ యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీలు), డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే భాగం), బ్రేక్ బయాస్ (బ్రేకు బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే వాటా) పనిచేస్తాయి. పూహోన్ లాంటి వేగం మలుపులో జారితే అప్పుడు వింగ్, రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) చూడాలి. మీరు నెమ్మది మలుపుల జబ్బుకు వేగం మలుపుల మందు వేశారు. ఆ వీడియోలో చెప్పినాయన తన కారుకు, తన జబ్బుకు సరిగ్గానే చెప్పి ఉంటాడు.

టైర్ల గాలి సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కారుకు అక్కడా దెబ్బ తగిలిందని నా నమ్మకం. మీరు రాసిన అంకెల ప్రకారం నాలుగు ల్యాపుల తరవాత ముందు టైర్లు 28.1, వెనకవి 28.4 పిఎస్‌ఐ. వీడియోలో 28కి దగ్గరగా ఉంచమన్నారని రాశారు. అది పాత వీడియో. 2023లో వచ్చిన 1.9 అప్‌డేట్‌లో ఈ గేమ్ టైర్ల లెక్క మారింది. ఇప్పుడు పొడి ట్రాక్ మీద జీటీ3 (మీ పోర్షే ఉన్న తరగతి) టైర్లు వేడెక్కాక 26కూ 27కూ మధ్య ఉండాలి. గాలి ఎక్కువైతే టైరు నేలను తక్కువ మేర తాకుతుంది, జారుడు పెరుగుతుంది. ఆ రోజు కారు పట్టు తప్పడంలో దీని వాటా కూడా ఉంది. ఇంత మేలు ఇంకే పేజీలోనూ దొరకదు.

చూడాల్సింది గ్యారేజీలో పెట్టే చల్లటి అంకె కాదు, మూడు నాలుగు ల్యాపులు తిరిగాక కనిపించే వేడి అంకె. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం బండి టైరు పట్టుకుని చూడండి, పొద్దున పెట్రోలు బంకులో కొట్టించిన గాలి ఎంత బిగిసి ఉంటుందో. గేమ్‌లోనూ అంతే. వాతావరణం ఒక్క డిగ్రీ మారితే సుమారు 0.1 పిఎస్‌ఐ మారుతుంది. మీరు 22 డిగ్రీల్లో ప్రాక్టీసు చేసి, రేసు 30 డిగ్రీల్లో పెడితే, టైర్లు దాదాపు 0.8 ఎక్కువ చూపిస్తాయి. ఆ మేరకు ముందే తగ్గించుకోవాలి. ఎవరి దగ్గర కొన్న సెట్టప్ అయినా, ఎంత పేరున్నవాళ్ళు ఇచ్చినదైనా, గాలి మాత్రం మీ రోజు ఎండకు మీరే సరిచేసుకోవాలి.

గాలి సరిచేశాక, నాలుగైదు ల్యాపులు తిరిగి, అప్పుడు కూడా మీకు వెనక జారుతోందేమో చూడండి. ఇక్కడ ఒక పరీక్ష చెబుతాను. రీప్లే పెట్టుకుని ఒక్క మలుపే చూడండి, ల సోర్స్ అనుకుందాం. ప్రతి ల్యాపులోనూ అదే చోట, అదే విధంగా జారితే కారు చెబుతోందని అర్థం. ఒక ల్యాపులో మొదట్లో, ఇంకోదానిలో చివర, మరోదానిలో అసలు జారకపోతే, ఆ తప్పు మీ చేతిదీ కాలిదీ. బావ మాటలో సగం నిజం ఉండవచ్చు. ఆయన చెప్పిన తీరు తప్పు, అది వేరే సంగతి. 911లో బ్రేకును గట్టిగా నొక్కి ఉంచే స్టీరింగ్ తిప్పితే వెనక భాగం జారే అవకాశం ఎక్కువ. స్టీరింగ్ ఎంత తిప్పుతున్నారో, అంత మేర బ్రేకు మీద కాలు వదులుగా చేస్తూ రండి. నాలుగు రాత్రులు ఇదొక్కటే చేయండి.

అప్పటికీ మిగిలితే, మొదట బ్రేక్ బయాస్ మార్చండి. బ్రేకు బలంలో కాస్త వాటా ముందు చక్రాలకు జరిపితే వెనక చక్రాలు అంత త్వరగా పట్టు వదలవు. దీనిలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. బ్రేక్ బయాస్ బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. మలుపు మధ్యలో, యాక్సిలరేటర్ మీద ఉన్న బావకు అది తగలదు. పైగా దాన్ని రేసు నడుస్తుండగా స్టీరింగ్ మీది బటన్‌తోనే మార్చుకోవచ్చు. ట్రాక్షన్ కంట్రోల్ (టీసీ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరగకుండా చూసేది), ఏబీఎస్ (బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) కూడా అంతే. మీ గంటలో మీకు నచ్చినట్టు, ఆయన గంటలో ఆయనకు నచ్చినట్టు. పిట్‌లో (రేసు మధ్యలో కారు ఆగే చోట) కారు చేతులు మారేటప్పుడు “బయాస్ ఇంత, టీసీ ఇంత ఉంది” అని చెప్పుకుంటే చాలు.

బావ ఫిర్యాదుకు ముందువైపు యాంటీ రోల్ బార్ ఒక్క మెట్టు మెత్తబరచండి. మెత్తబడితే ముందు చక్రాలకు పట్టు పెరుగుతుంది. వెనక బార్ గట్టిపరచినా ముక్కు తిరుగుతుంది, కానీ దాని వల్ల మీకు వెనక ఇంకా జారుతుంది. డిఫరెన్షియల్ ప్రీలోడ్ (వెనక రెండు చక్రాలనూ కలిపి బిగించే మోతాదు) పెంచితే మీకు మేలు, ఆయనకు అండర్‌స్టీర్ పెరుగుతుంది. అంటే కొన్ని మార్పులు ఒకరికి ఇచ్చి ఇంకొకరి దగ్గర తీసుకుంటాయి. ఆ రెండింటినీ చివరికి ఉంచుకోండి. ఇద్దరూ ఒప్పుకుంటేనే ముట్టుకోండి. డ్యాంపర్లు ఈ నెలంతా వదిలేయండి, వాటి అవసరం మీకింకా రాలేదు.

ఒకసారికి ఒక్క మార్పే. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. రాత్రి పన్నెండున్నరకు, అరసెకను దూరంలో ఉన్నప్పుడు, నాలుగు మీటలు ఒకేసారి తిప్పేయాలనిపిస్తుంది. తిప్పితే లాభమో నష్టమో వచ్చాక ఏది తెచ్చిందో తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఎండ ఎంత, పెట్రోలు ఎంత, ఏం మార్చారు, ఏ మలుపులో ఏమనిపించింది. టైమింగ్ చివర రాయండి. “బాగుంది” అని రాయకండి, “రివాజ్ మలుపులో ముక్కు ముందుకంటే తొందరగా తిరిగింది, బయటికి వచ్చేటప్పుడు కొంచెం వెనక కదిలింది” అని రాయండి. బావకు మీరు చెప్పాల్సిన భాష కూడా అదే.

పెట్రోలు కూడా రాయమన్నానే, దానికి కారణం ఉంది. మీరు 20 లీటర్లతో ప్రాక్టీసు చేసి 100 లీటర్లతో రేసు మొదలుపెట్టారు. ఆ తేడా 80 లీటర్లు, సుమారు 60 కిలోలు, అంటే ఒక మనిషి బరువు. 911లో ఇంజిన్ వెనక ఉంటే పెట్రోలు ట్యాంకు ముందు ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముక్కు తేలికవుతూ వస్తుంది. రేసులో ఎంత పోస్తారో అంతే పోసి పరీక్షించండి. లేకపోతే మీరు సరిచేసే కారు ఒకటి, రేసులో దిగే కారు ఇంకొకటి అవుతుంది.

ఇప్పుడు బావ సంగతి.

“తెలిసిపోయింది కదా, ఇంకా ఒప్పుకోవాలా” అన్నారు. బావకు తెలిసింది ఫైలులోని అంకెలు. ఆ అంకెలు ఎందుకు మార్చారో ఆయనకు తెలియదు. తనను ఓడించడానికే చేశారని కూడా ఆయన అనుకుని ఉండవచ్చు. ఇంకొకటి, ఆయనకు బాగా గుచ్చుకున్నది సెట్టప్ మార్చడం కాదనుకుంటాను. అడిగినప్పుడు లేదని చెప్పి, ఆయన మాటనే ఆయన మీదికి, ఎనిమిది మంది ముందు తిప్పికొట్టారే, అదీ. ఫైలు చూశాక కూడా గ్రూపులో పెట్టకుండా, అక్కతో గొడవ పడకుండా ఊరుకున్నారంటే, ఆయన మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చదలచుకోలేదు. ఇది మీరు గమనించారో లేదో.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఏమీ అనకుండా, ఏదో ఒక పండగకు కలిసినప్పుడు మామూలుగా మాట కలపడం మొదటిది. మన ఇళ్ళలో చాలా గొడవలు ఇలాగే చల్లారతాయి, కాదనను. కానీ వచ్చేసారి కారు ఎక్కడ జారినా ఇద్దరి మనసులోనూ అదే అనుమానం లేస్తుంది: మళ్ళీ ఏమైనా మార్చాడా? రెండోది, అక్క చేత చెప్పించడం. వద్దనే అంటాను. ఆమెకు రాడియోన్ ఏమిటో, రైడ్ హైట్ ఏమిటో తెలియక్కరలేదు. ఆమె చెబితే అది తమ్ముడి తరఫు వకాలతు అవుతుంది, ఆమె ఇంట్లో ఆమెకు ఇబ్బంది. జాతరకు ఒక్కతే వచ్చి అమ్మకు ఏదో సర్ది చెప్పుకున్నది చాలు.

మూడోది, మీరే ఫోన్ చేసి చెప్పడం. క్షమించమని ఊరికే అంటే ఆయన “సర్లే” అంటారు, అక్కడితో ఆగిపోతుంది. అంకెలతో చెప్పండి. “బావా, ఆ రోజు మధ్యాహ్నం వెనక ఎత్తు ఆరు పెంచినాను, వింగ్ రెండు తగ్గించినాను, టైర్లలో గాలి పెంచినాను, నీకు చెప్పలేదు. నువ్వడిగితే అబద్ధం చెప్పినాను. రాడియోన్ దగ్గర కారు తిరిగింది దానివల్లే, నీ వల్ల కాదు.” అక్కడ ఆగండి. “నువ్వు కూడా నన్ను అంత మాట అన్నావు కదా” అనేది నిజమే అయినా ఆ ఫోన్‌లో వద్దు, ఇంకో రోజు చెప్పుకోవచ్చు. ఆయన వెంటనే కరిగిపోతారని నేను మాట ఇవ్వలేను. కోప్పడవచ్చు, ఫోన్ పెట్టేయవచ్చు. అయినా ఆ ప్రమాదం తన చేతిలో జరగలేదన్న మాట ఆయనకు మీ నోట వినపడాలి. గ్రూపులో కూడా చెప్పాలా అన్నది ఆయన్నే అడగండి. మీరంతట మీరే అక్కడ పెడితే, మానిన పుండును మళ్ళీ రేపినట్టు ఆయనకు అనిపించవచ్చు.

ఇక వచ్చే నెల రేసు. బావ ఒప్పుకుంటే కలిసి దిగవచ్చు, కానీ ఎవరికి నచ్చిన కారు అన్నది ముందే తేల్చుకోండి. ఒకే కారు ఇద్దరు నడిపే రేసుల్లో, ఎక్కువ ఇబ్బంది పడేవాళ్ళకు అనువుగా కారు పెట్టడం మంచి పద్ధతి. లెక్క వేసి చూడండి. స్పాలో మీ టైమ్ 2 నిమిషాల 20 సెకన్లు అన్నారు, రెండు గంటల్లో దాదాపు 51 ల్యాపులు. బావ వంతు 25 అనుకుందాం. మీకు నిలకడగా ఉండే కారు వల్ల ఆయన ల్యాపుకు 0.3 సెకను పోగొట్టుకున్నా, మొత్తం ఏడున్నర సెకన్లు. మీరు ఒక్కసారి గిర్రున తిరిగితే అంతకంటే ఎక్కువ పోతుంది, గోడకు తగిలితే మొన్నటిలాగే రేసే పోతుంది. ఈ లెక్క బావ ముందు పెట్టండి. అకౌంట్స్ మనిషి, ఆయనకు లెక్క నచ్చుతుంది. దీనికి మీరు చెల్లించేది ఒకటుంది: ఆ నెమ్మది మలుపుల పని, బ్రేకు వదిలే పని మీరు నిజంగా నేర్చుకోవాలి. ఎప్పటికీ మీ కోసమే కారు మెత్తగా ఉండదు.

కారు మార్చడం ఇంకో దారి. మెర్సిడెస్-ఏఎంజీ లాంటి, ఇంజిన్ ముందున్న కారు మీ ఇద్దరి తగాదాను చాలావరకు తగ్గిస్తుంది, వెనక భాగం మీకు అంత భయం పెట్టదు. కానీ రెండు నెలలు పోర్షే మీద పడ్డ కష్టం పోతుంది, ఆ పోర్షే బావ ముచ్చటపడి తీసుకున్నది. ఆయన నోటి నుంచి వస్తే తప్ప మీరు ఈ మాట ఎత్తకపోవడమే మంచిదనిపిస్తోంది.

లేదా ఈ ఒక్క నెల విడివిడిగా, ఎవరి కారు వాళ్ళు, చిన్న రేసుల్లో దిగండి. ఇది కూడా తప్పు కాదు. సెట్టప్ మీ సొంతం, తప్పు చేసినా మీకే తెలుస్తుంది, నేర్చుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు. బావకూ మీకూ మధ్య కారు లేకపోతే మాట్లాడుకోవడం తేలికవుతుందేమో కూడా. భయం ఏమిటంటే, విడిగా ఆడటం అలవాటైపోయి, రాత్రి పదింటి ఆ కబుర్లు ఆగిపోవడం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ బాధ పడింది దాని గురించే. అందుకని విడిగా దిగినా, రేసు అయ్యాక ఒకరి రీప్లే ఒకరు చూసుకునే అలవాటు పెట్టుకోండి.

ఏ దారిలో కలిసినా ఒక కట్టుబాటు మాత్రం ముందే పెట్టుకోండి. రేసు ముందు రోజు రాత్రి సెట్టప్‌ను ఇద్దరూ చూసి, ఒక పేరుతో సేవ్ చేయాలి. ఆ తరవాత ఎవరూ ముట్టుకోకూడదు. ఎండ మారితే టైర్ల గాలి ఒక్కటి సవరించవచ్చు, అదీ ఫోన్ చేసి చెప్పి.

స్టీరింగ్ సెట్ తిరిగి ఇవ్వకండి. బావ అది గేమ్ గెలిపించమని కొనివ్వలేదు, బామ్మర్ది అని కొనిచ్చారు. ఇప్పుడు దాన్ని పెట్టెలో పెట్టి చిత్తూరు పంపితే, మీరు తప్పు ఒప్పుకున్నట్టు ఆయనకు అనిపించదు, చుట్టరికం వద్దన్నట్టు అనిపిస్తుంది. వీలైతే ఫోన్ కూడా కాదు, ఈ ఆదివారం బస్సెక్కి మీరే వెళ్ళండి. ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి. మొదటి పేజీలో ఆ రోజు మార్చిన మూడు అంకెలూ రాసి ఉండాలి.